వినే విండో ఒక్కటే

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో చాలామందికి కంప్యూటరు మొదట వీపు వైపు నుంచి పరిచయమైంది. ఆదాయ ధ్రువపత్రానికో, అడంగల్ నకలుకో వెళ్తే బల్లకు అవతల ఆపరేటరు, ఇవతల మనం, మధ్యలో మానిటరు. దాని ముఖం ఆయన వైపు, వైర్లు వేలాడే వీపు మన వైపు. మీసేవ 2011 నవంబరు 4న అప్పటి చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చి, డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగి ఊళ్లోనే కూర్చున్నాక రామసముద్రం నుంచి మదనపల్లె బస్సెక్కే పని తగ్గింది కానీ, మానిటరు మాత్రం మన వైపు తిరగలేదు. ఆపరేటరు ఏదో నొక్కుతాడు, ఏదో చూసి పెదవి విరుస్తాడు, “సర్వర్ డౌన్” అంటాడు. ఆ తెర మీద అసలు ఏం జరుగుతోందో ఇవతలి వాడికి తెలిసే దారి లేదు.

ఇదే ప్రాంతంలో దీనికి భిన్నమైన కథ ఒకటి నడిచింది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ పేరుతో మూడేళ్ల పథకం మొదలుపెట్టింది. కుప్పం నియోజకవర్గంలోని పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. అందులో లోకమంతా చెప్పుకున్నది మాత్రం కేంద్రాల గురించి కాదు, పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చి వాళ్లను ఊరూరా తిరిగే ఫోటోగ్రాఫర్లను చేయడం గురించి. ఫోటో తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇస్తే చేతిలో డబ్బు పడుతుంది. తెర మీది బొమ్మకూ చేతికొచ్చే కాగితానికీ సంబంధం ఏమిటో వాళ్లకు ఎవరూ పాఠం చెప్పి ఒప్పించాల్సిన అవసరం రాలేదు. కంప్యూటరు నేర్పే పుస్తకాలన్నీ భాగాల పేర్లతో మొదలై (ఇది సీపీయూ, ఇది మానిటరు, ఇది మౌసు) విద్యార్థి నిద్రపోయాక అసలు విషయంలోకి వస్తాయి. నా మాట అడిగితే భాగాల పేర్లు చివరి రోజు చెప్పినా నష్టం లేదు.

ఇప్పుడు పరిస్థితి మళ్లీ మారింది. రామసముద్రంలో తొలిసారి కీబోర్డు ముందు కూర్చునే మనిషి ఏమీ తెలియనివాడు కాడు. చేతిలో ఫోను ఏళ్ల తరబడి నలిగి ఉంటుంది. డబ్బులు పంపడం, మదనపల్లె మండీలో టమోటా ధర చూడడం, బెంగుళూరులో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడడం అన్నీ వచ్చు. అయినా కంప్యూటరు ముందు తడబడతాడు. ఎందుకంటే ఫోను ఒకసారికి ఒకే పని తెరనిండా చూపిస్తుంది. కంప్యూటరు ఒకే తెర మీద నాలుగు పనులను ఒకదానిపై ఒకటి పరిచి, ఇక నీ ఇష్టం అంటుంది. ఆ నాలుగింటికీ ఉన్న చట్రాలే విండోలు. చిక్కంతా వాటి దగ్గరే.

జిరాక్స్ అంగడిలో తరచు వినిపించే మాట ఒకటుంది. “టైపు కొడతానే ఉండా అన్నా, ఒక్క అక్షరమూ పడలా.” కీబోర్డు చెడిపోలేదు. అక్షరాలు పోవలసిన చోటికి కాక మరోచోటికి పోతున్నాయి.

తెర మీద ఎన్ని విండోలున్నా కీబోర్డు ఒక్కటే. మీరు ‘క’ నొక్కగానే అది ఎవరికి చెందాలో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. అది ఏ క్షణంలోనైనా ఒకే ఒక్క విండోను ‘వినేది’గా ఎంచి పెట్టుకుంటుంది. దాన్ని ఫోకస్ అంటారు. మీరు నొక్కే ప్రతి మీటా ఆ విండోకే చేరుతుంది. మిగతావి కళ్లెదుట ఎంత పెద్దగా పరుచుకుని ఉన్నా, మీరు వాటినే చూస్తున్నా, వాటికి వినపడదు. మీ చూపు ఎక్కడుందో యంత్రానికి తెలియదు కదా. చివరిగా ఎక్కడ క్లిక్ చేశారన్నదే దానికి తెలుసు.

మౌసు సంగతి వేరు. క్లిక్కు ఎప్పుడూ బాణం గుర్తు కింద ఉన్న విండోకే పోతుంది. అంటే కీబోర్డుకు ఒక చిరునామా, మౌసుకు మరో చిరునామా. కొత్తవాళ్లు గందరగోళపడే సందర్భాల్లో సగం ఈ రెండు చిరునామాలూ వేరని తెలియకపోవడం వల్లే అని నా అనుమానం. బాణాన్ని ఖాళీ గడి మీదకి తెచ్చి ఊరికే నిలబెట్టి టైపు చేస్తారు. అది చాలదు, ఒకసారి నొక్కాలి. నొక్కితే ఆ గడిలో సన్నటి నిలువు గీత ఆరుతూ వెలుగుతూ కనిపిస్తుంది. టైపు చేసేముందు కంటితో వెతకాల్సింది ఆ గీతనే. అది ఎక్కడుంటే అక్షరం అక్కడ పడుతుంది. తెర మీద ఇంత ముఖ్యమైన గుర్తును ఇంత చిన్నగా ఎందుకు పెట్టారో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

తెలుగు టైపు చేసేవాళ్లకు దీంట్లో మరో మెలిక ఉంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు 1991లోనే స్థానం దొరికింది, మైక్రోసాఫ్ట్ వారి ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో సహా వచ్చింది. అయితే విండోస్ 7 వరకు కీబోర్డు భాష ఒక్కో ప్రోగ్రాముకు విడివిడిగా ఉండేది. ఇక్కడ తెలుగుకు మార్చుకుని పక్క విండోకు వెళ్తే అక్కడ ఇంకా ఇంగ్లీషే. విండోస్ 8 నుంచి మామూలుగా అన్నింటికీ ఒకే భాష. దాంతో కొత్త ఇబ్బంది వచ్చింది. అర్జీ తెలుగులో రాసి, అదే ఊపులో పాస్‌వర్డు కొడితే అది చుక్కల వెనుక తెలుగులోనే పడుతుంది, తప్పని వస్తుంది. చుక్కలు కాబట్టి ఏ భాషలో పడిందో కనపడదు. తెర కింది మూల, గడియారం పక్కన భాష గుర్తు చూసి, విండోస్ మీటతో పాటు స్పేస్ నొక్కి మార్చుకోవాలి. కర్ణాటకకు ఆనుకుని ఉన్న మండలం కాబట్టి రామసముద్రం వైపు కన్నడం కూడా పెట్టుకునేవాళ్లుంటారు. అప్పుడు మూడు భాషల వంతు.

ఇక ఒకదానిపై ఒకటి పరిచే సంగతి. ఈ ఆలోచన కాలిఫోర్నియాలో పుట్టింది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ వెయ్యిమంది వరకు ఉన్న సభలో మౌసును పట్టుకుని తెర మీద మాటలను కదిపి చూపించాడు. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో ఆల్టో అనే కంప్యూటరు తయారైంది. అవును, మన అంగళ్ల బోర్డుల మీద ఉండే జిరాక్సే. అక్కడే ఆలన్ కే బృందం కాగితాలు పరిచినట్టుగా విండోలను పరిచే పద్ధతిని పెంచింది. కారణం చోటు లేకపోవడం. ఆల్టో తెర అడ్డంగా 606, నిలువుగా 808 చుక్కలు. అంత చిన్న తెరను ముక్కలు చేస్తే ఏ ముక్కలోనూ ఏమీ పట్టదు. ఒకదానిపై ఒకటి వేస్తే అన్నీ పెద్దగానే ఉండొచ్చు, కావలసింది పైకి తెచ్చుకోవచ్చు.

కానీ దానికి జ్ఞాపకశక్తి కావాలి. ఒక్కో చుక్కకు ఒక బిట్ చొప్పున ఆల్టో తెరకు దాదాపు 60 కిలోబైట్లు పట్టేవి. యంత్రం మొత్తం మెమరీ 128 కిలోబైట్లు. తెర మీద కనిపించే బొమ్మకే సగం పోతే, కింద దాగిన భాగాల బొమ్మలను దాచడానికి చోటెక్కడిది? అందుకే చాలా ఏళ్లపాటు చాలామంది నడిచిన దారి ఇది: దాగిన భాగాన్ని యంత్రం గుర్తుపెట్టుకోదు. పై విండో తొలగగానే కింది ప్రోగ్రామును పిలిచి, ‘నీ ముక్క బయటపడింది, మళ్లీ గీసుకో’ అంటుంది. ప్రోగ్రాము గీసుకుంటుంది.

ఇందులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఆపిల్ ప్రోగ్రామరు బిల్ ఆట్కిన్‌సన్‌ది. 1979లో ఆపిల్ వాళ్లు జిరాక్స్ పరిశోధనశాలను చూసివచ్చారు. సగం కప్పబడి ఉన్న విండోలో కూడా బొమ్మ దానంతట అది మారడం అక్కడ చూశానని ఆట్కిన్‌సన్‌కు గట్టి నమ్మకం. వాళ్లు చేయగలిగారు కాబట్టి తానూ చేయాలనుకుని, తెరను ఎలాంటి వంకర ఆకారాలుగానైనా చీల్చి కనిపించే ముక్కలోనే వేగంగా గీసే పద్ధతిని కనిపెట్టాడు. తీరా చూస్తే జిరాక్స్‌లో అది జరగనే లేదు, ఆయన పొరపాటుగా గుర్తుపెట్టుకున్నాడు. ఆ పద్ధతి మీద పని చేస్తున్న రోజుల్లోనే ఆయన కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడ్డాడు. చూడవచ్చిన స్టీవ్ జాబ్స్‌కు, ఆ లెక్క తనకింకా గుర్తుందని భరోసా ఇచ్చాడని ఆ కంపెనీవాళ్లు చెప్పుకుంటారు. 1983 జనవరిలో లీసా, మరుసటి ఏడు మాకింటోష్ ఆ పద్ధతితోనే వచ్చాయి.

మైక్రోసాఫ్ట్ మొదట ఈ దారిన పోలేదు. 1985 నవంబరు 20న విడుదలైన తొలి విండోస్‌లో విండోలు గోడకు టైల్స్ పరిచినట్టు పక్కపక్కనే ఉండేవి. 1987లో రెండో వెర్షన్ వచ్చాకే ఒకదానిపై ఒకటి ఎక్కాయి. ఇప్పుడేమో విండోస్ మీట పట్టుకుని ఎడమ బాణం నొక్కితే విండో తెరకు ఎడమ సగానికి, కుడి బాణం నొక్కితే కుడి సగానికి అతుక్కుంటుంది. 2009లో విండోస్ 7తో వచ్చిన ఈ సౌకర్యం 1985 నాటి పద్ధతికి చుట్టమే. కొత్తవాళ్లకు నేను మొదట నేర్పమనేది దీన్నే. అర్జీ ఎడమ పక్క, ఆధార్ వివరాలు కుడి పక్క. ఏదీ దాగదు కాబట్టి ఏదీ పోయిందని భయం ఉండదు.

ఆ భయం చిన్నది కాదు. కొత్తవాళ్ల దృష్టిలో కనిపించనిది పోయినట్టే. విండో పైమూల మూడు గుర్తులుంటాయి. అడ్డగీత నొక్కితే విండో ముడుచుకుని కింది పట్టీలోకి దిగుతుంది. పని అంతా అందులో భద్రం, పట్టీలో దాని గుర్తు నొక్కితే తిరిగొస్తుంది. నడిమి చతురస్రం నొక్కితే తెరంతా పరుచుకుంటుంది. ఇంటూ గుర్తు నొక్కితే మూసుకుపోతుంది. పట్టీ, ఇంటూ గుర్తు రెండూ 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95తో ఇప్పటి చోట్లకు వచ్చాయి. అంతకుముందు మూయాలంటే ఎడమ మూల గుర్తును రెండుసార్లు నొక్కాల్సి వచ్చేది. ముడిచే గుర్తుకూ మూసే గుర్తుకూ మధ్య దూరం ఒక వేలెడు కూడా లేదు. ఫలితాల్లో మాత్రం చాలా తేడా. వేలిముద్రలు అరిగిపోయిన చేతులకు ఈ ఏర్పాటు దయ చూపదు. బ్రౌజరులో పేజీని మూయబోయి మొత్తం విండోనే మూసేస్తే కంగారు అక్కర్లేదు. బ్రౌజరును మళ్లీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని టీ నొక్కితే మూసిన పేజీలు చాలావరకు వస్తాయి. నింపిన గడులు మాత్రం ఖాళీ అయిపోయి ఉండొచ్చు.

డబుల్ క్లిక్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేర్చుకునేవాళ్లు దీనికే తమను తాము తిట్టుకుంటారు. రెండు నొక్కుల మధ్య అర సెకను దాటకూడదని విండోస్ లెక్క. మామూలుగా 500 మిల్లీసెకన్లు. దాటితే అవి రెండు వేరువేరు నొక్కులు. ఫైలు పేరు మీద ఒక నొక్కు, కాస్త ఆగి మరో నొక్కు పడితే అది తెరుచుకోదు సరికదా, పేరు మార్చుకోమని నీలిరంగు గడి చూపిస్తుంది. ఆ గడిలో ఏది కొట్టినా ఫైలు పేరు అదే అయిపోతుంది. నొక్కు వదలకముందే చెయ్యి కొద్ది చుక్కల మేర జరిగినా చాలు, యంత్రం దాన్ని ఈడ్చడంగా తీసుకుంటుంది. ఫైలు పక్క ఫోల్డరులోకి జారిపోతుంది, అందరూ కలిసి వెతుకుతారు. వెంటనే కంట్రోల్ పట్టుకుని జడ్ నొక్కితే జరిగినది వెనక్కి వస్తుంది. అసలు డబుల్ క్లిక్ జోలికే పోకుండా, ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టినా ఫైలు తెరుచుకుంటుంది. ఈ మాట ఎవరూ చెప్పరు. సెట్టింగుల్లో ఆ అర సెకనును దాదాపు సెకనుకు పెంచుకోవచ్చన్నదీ చెప్పరు.

మౌసు పట్టు రావడానికి పేకాట మంచి గురువు. 1990లో విండోస్ 3.0తో సాలిటేర్ వచ్చింది. రాసినవాడు వెస్ చెర్రీ, అప్పటికి మైక్రోసాఫ్ట్‌లో శిక్షణకు వచ్చిన కుర్రాడు. ముక్కల బొమ్మలు గీసింది సూసన్ కేర్. నొక్కిపట్టి ఈడ్చి వదలడం జనానికి అలవాటు కావడానికి అది ఉపయోగపడిందని చెబుతారు. ముక్కల కింద ముక్కలు దాగి ఉంటాయని, పైది తీస్తే కిందది కనపడుతుందని కూడా ఆ ఆట నేర్పుతుంది. ఆఫీసుల్లో దాన్ని తొలగించమన్న అధికారులకు ఈ సంగతి పట్టలేదు.

కంప్యూటరు ‘బిగుసుకుపోవడం’ కూడా చాలాసార్లు విండోల సంగతే. ప్రింటు తీయబోతే ఓ చిన్న విండో వచ్చి ఏదో అడుగుతుంది. దానికి జవాబు చెప్పేదాకా దాని వెనుక ఉన్న ప్రోగ్రాము మరి దేన్నీ వినదు. ఎక్కడ నొక్కినా టంగుమని శబ్దం, అంతే. ఆ చిన్న విండో వేరే దాని వెనుక దాగితే ఇక యంత్రం చచ్చిందనే అనుకుంటారు. ఆల్ట్ మీట పట్టుకుని టాబ్ నొక్కితే తెరిచి ఉన్నవన్నీ వరుసగా కనిపిస్తాయి, జవాబు కోసం నిలబడ్డది బయటపడుతుంది. ఇలా మనిషిని ఒక స్థితిలో బంధించి వేరే పని చేయనివ్వని తీరు మీద లారీ టెస్లర్ జీవితమంతా పోరాడాడు. కత్తిరించి అతికించే పద్ధతిని ఈనాటి రూపానికి తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. కారు నంబరు ప్లేటు మీద కూడా తన వ్యతిరేకతను రాయించుకున్న మనిషి. 2020లో పోయాడు, అలాంటి విండోలు ఇంకా ఉన్నాయి.

నిజంగా బిగుసుకుపోవడమూ ఉంటుంది. మీరు చేసే ప్రతి నొక్కూ ఒక వరుసలో చేరి ప్రోగ్రాము వచ్చి తీసుకునేదాకా నిలబడుతుంది. ఐదు సెకన్లు దాటినా అది ఏదీ తీసుకోకపోతే విండోస్ ఆ విండోను తెల్లబార్చి, స్పందించడం లేదని పైన రాస్తుంది. అప్పుడు ఓపిక పోయి సబ్మిట్ బొత్తాన్ని పదిసార్లు నొక్కితే ఆ పదీ వరుసలో చేరతాయి. ప్రోగ్రాము తేరుకున్నాక ఒక్కొక్కటీ తీసుకుంటూ పోతుంది. ఒకే అర్జీ రెండుసార్లు నమోదవడానికి, రుసుము రెండుసార్లు పోవడానికి ఇదొక దారి. ఒకసారి నొక్కి చేతులు వెనక్కి తీసుకోవడం నేర్పాలి. ఎక్స్‌పీ రోజుల్లో ఇలా బిగిసిన విండో మీద మరో విండోను లాగితే దాని ఛాయలు వరుసగా మిగిలిపోయేవి, గుర్తుందా? కింది ప్రోగ్రామును మళ్లీ గీసుకొమ్మంటే అది పలకకపోవడం వల్ల పడిన మచ్చలు అవి. 2007లో వచ్చిన విస్టా నుంచి ప్రతి విండో బొమ్మనూ మెమరీలో విడిగా దాచి, అన్నింటినీ కలిపి తెర మీద వేసే పద్ధతి వచ్చింది. ఆల్టోకు అందని విలాసం అది.

ఇంత తికమక మనిషి తప్పా, యంత్రం తప్పా? ఈ ప్రశ్నకు అప్పటి చిత్తూరు జిల్లా నుంచే ఒక జవాబు వచ్చింది. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి, యంత్రాలకు మాట వినడం నేర్పిన తొలితరం శాస్త్రవేత్త. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. చదువు రాని మనిషికి ఇవ్వాల్సింది తక్కువ శక్తి గల కంప్యూటరు కాదు, ఎక్కువ శక్తి గలది అన్నది ఆయన వాదన. చదవలేని వాడితో మాట్లాడాలంటే, బొమ్మలతో చెప్పాలంటే, తప్పు చేస్తే సర్దుకోవాలంటే యంత్రమే ఎక్కువ కష్టపడాలి. టీవీ, ఫోను, కంప్యూటరు కలిసిన పెట్టె ఒకటి పీసీటీవీటీ పేరుతో పల్లెల కోసం తయారుచేయించాడు కూడా. అది ఇంటింటికీ చేరలేదు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మన మిత్ర’తో వాట్సాప్‌లోనే ధ్రువపత్రాలు అడగొచ్చు. విండో లేదు, మౌసు లేదు, బల్లా లేదు. మరి ఇదంతా నేర్చుకోవడం ఎందుకు అంటే, అడిగేవాడికి ఫోను చాలు, ఇచ్చేవాడికి చాలదు. తహసీల్దారు కార్యాలయంలో, బడిలో, మండీ లెక్కల దగ్గర, సచివాలయంలో ఉద్యోగం కావాలంటే ఆ తెరకు ముఖం వైపు కూర్చోవాలి.

కూర్చున్న మొదటి రోజుకు ఒక పని చెబుతాను. నోట్‌ప్యాడ్ తెరిచి ఎడమ సగానికి, కాలిక్యులేటరు తెరిచి కుడి వైపుకు పెట్టండి. నోట్‌ప్యాడ్‌లో నొక్కి, నిలువు గీత చూసి, ‘టమోటా 30 పెట్టెలు, పెట్టె 420’ అని రాయండి. కాలిక్యులేటరు మీద నొక్కి 30 ఇంటూ 420 కొట్టండి. 12,600 వస్తుంది. కంట్రోల్ సీ నొక్కండి. నోట్‌ప్యాడ్‌కు తిరిగొచ్చి కంట్రోల్ వీ నొక్కితే ఆ అంకె అక్కడ పడుతుంది. మధ్యలో అది కనిపించని చోట ఆగింది. ఆ చోటు పేరు క్లిప్‌బోర్డు, దానిలో చివరిగా తీసుకున్నదే నిలుస్తుంది. 2018 తర్వాతి విండోస్ 10లో విండోస్ మీటతో వీ నొక్కి ఆన్ చేసుకుంటే పాతవీ కనిపిస్తాయి. ఇప్పుడు కావాలనే నోట్‌ప్యాడ్ మీద కాకుండా కాలిక్యులేటరు మీద ఒకసారి నొక్కి, మళ్లీ నోట్‌ప్యాడ్‌నే చూస్తూ టైపు చేయండి. అంకెలు ఎక్కడ పడుతున్నాయో చూడండి.

ఇంటూ గుర్తు నొక్కేముందు ఒక్క మాట. రాసినది ఇంకా డిస్కు మీదికి చేరలేదు, మెమరీలోనే ఉంది. మెమరీకి కరెంటు కావాలి, పడమటి మండలాల్లో కరెంటు సంగతి మీకు తెలుసు. కంట్రోల్ ఎస్ నొక్కి, పేరు పెట్టి, ఏ ఫోల్డరులో పెడుతున్నారో చూసి మరీ దాచాలి. పాత నోట్‌ప్యాడ్ అయితే దాచకుండా మూయబోతే దాచమంటారా, వద్దా, మూయడమే మానుకోనా అని మూడు ప్రశ్నలు అడుగుతుంది. మూడోది నొక్కితే ఏ నష్టమూ లేదు. విండోస్ 11లో 2023 చివరి నుంచి వస్తున్న కొత్త నోట్‌ప్యాడ్ ఆ ప్రశ్న అడగడం మానేసింది. మూసి మళ్లీ తెరిస్తే రాసింది ఫోనులోలాగే ఎదురుగా ఉంటుంది. అయినా దానికి పేరు ఉండదు, ఫోల్డరులో వెతికితే దొరకదు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మదనపల్లె తీసుకెళ్లడానికి ఫైలంటూ ఉండదు.